ఫైలు వాడుకలో ఉంది

కురెస్సారెలో రాత్రి రెండు గంటల పది నిమిషాలకు
మేలుకుని ఉండేవి రెండే:
రేవులో దీపం,
వైకె అకార్డియన్ల కొట్టు వెనక గదిలో
నేను రాసిపెట్టిన తొమ్మిది వరుసల ఆజ్ఞ.

పెద్ద పనేం కాదు దానిది.
ఉత్తరాల పెట్టె మొత్తాన్ని ఎత్తి
పక్కనున్న డిస్కులో దించుతుంది.
సోమవారానిది సోమవారం అరలో,
మంగళవారానిది మంగళవారం అరలో.
ఏడే అరలు. ఎనిమిదో రోజుకి చోటు లేదు,
కొత్త సోమవారం వచ్చి
పాత సోమవారం మీద కూర్చుంటుంది.

"ఏడు చాలా?" అని అడిగింది ఆ రోజు వైకె.
"వారం దాకా గుర్తురాని తప్పు ఎవరు చేస్తారు?" అన్నాను.
అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు.

ఉన్నదాన్ని ఉన్నట్టు నకలు తీస్తుంది ఆజ్ఞ.
లేనిదాన్ని కూడా
అంతే శ్రద్ధగా.

జనవరిలో ఓ ఆదివారం పొద్దున్న ఫోను.
మంచులో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను.
ఎప్పుడూ ఇచ్చే కాఫీ ఇవ్వలేదు.
"పోయిన ఆదివారం, ఇదే వేళకి,
ఎండెల్ ఉత్తరాలన్నీ తుడిచేశాను.
చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను" అంది
గిన్నెలు తోమేశానన్నంత మామూలుగా.

ఎండెల్ ఆమె అన్న.
ముప్ఫై ఏళ్ళు ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని
ఇత్తడి రీడ్లు అరగదీసినవాళ్ళు.
ఎదురుగా ఉండి కూడా కొలతలు ఉత్తరంలోనే పంపేవాడు,
నోటితో చెబితే నువ్వు మర్చిపోతావని.
పోయిన శరత్కాలం తగువు పడి
వడ్రంగిని పిలిచి, బల్లని నడిమికి కోయించి
తన సగం పడవెక్కించుకుని పోయాడు.
మిగిలిన సగానికి
ఓ వైపు కాళ్ళు లేవు. ఇటుకలు పెట్టింది.

"ఇప్పుడెందుకు అవి?"
"ఎవరో పాత నల్ల పెట్టె తెచ్చారు మరమ్మతుకి.
దాని కొలతలు వాటిలో ఉన్నాయి."
చూపు నా మీద లేదు,
వీధిలో పారతో మంచు తోస్తున్న ఎవరి మీదో.

వేళ్ళ మీద లెక్కేశాను.
సోమవారం అర పోయింది, మంగళ, బుధ,
గురు, శుక్ర, శని కూడా.
చివరిది ఆదివారం,
దాని మీదికీ
రాత్రి రెండూ పదికే కొత్త ఆదివారం వచ్చేసి ఉంటుంది.
చేతులు కాలాయి.
ఆకులు పట్టుకోవడానికే నన్ను పిలిచింది.

అయినా చిట్టా తెరిచాను.
నకలు పూర్తయింది.
నకలు పూర్తయింది.
ఆరు రాత్రులు, ఆరు వరుసలు, ఒకటే మాట.
ఏడోది వేరుగా ఉంది:
విఫలం. ఫైలు వాడుకలో ఉంది.

ఉత్తరాల ప్రోగ్రాం తెరిచి ఉంటే
ఆజ్ఞ దాన్ని ముట్టుకోదు. వెనక్కి పోతుంది.
పడుకోబోయే ముందు మూసెయ్యమని
మొదటి రోజే చెప్పాను.
పదకొండేళ్ళలో ఒక్క రాత్రీ ఆమె మరవలేదు.

కిటికీలన్నీ పక్కకి జరిపి చూస్తే
అడుగున ఉంది ఓ కొత్త ఉత్తరం.
ఎండెల్, అని పేరు, పక్కన కామా.
ఆ తర్వాత ఏమీ లేదు,
రాత్రంతా కొట్టుకుంటూనే ఉన్న కర్సర్ తప్ప.

"కుర్చీలోనే నిద్రపట్టేసింది" అంది వైకె
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆదివారం అర బరువుగానే ఉంది.
పదకొండు వందల నలభై ఆరు.
ఒక్కొక్కటే వచ్చి తెరనిండా దిగుతుంటే
అదే పేరు, అదే పేరు, కిందికంటా అదే పేరు.
ఆమె ఒక్కటీ తెరవలేదు.
నల్ల పెట్టె కొలతల మాటా ఎత్తలేదు.
అసలు ఆ కొట్టులో
నల్ల పెట్టె ఎక్కడా నాకు కనపడలేదు.

బిల్లులో ఏం రాయాలో తోచక
రానూ పోనూ సైకిలు, అని రాశాను.
మెట్లు దిగుతుంటే వెనక
నిట్టూర్పు లాంటి చప్పుడు.
బెలోస్ తెరిచిందో,
ఉత్తరమే వెళ్ళిందో.